అడిగితేనే ఇంజనీరు



మన పెనుగొండలో సాయంత్రం పూట ఏ అరుగు మీద నలుగురు చేరినా, మాట ధాన్యం రేటుతో మొదలై పిల్లల ఉద్యోగాల దగ్గర ఆగుతుంది. "మీవాడిది ఏ కంపెనీ అండి?", "మా అమ్మాయికి మూడు రౌండ్లయ్యాయండి, నాలుగోదాంట్లో తీసేశారు." ఈ రెండో మాట చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గుతుంది. ఆ రౌండ్లలో ఏం జరుగుతుందో, ఎందుకు తీసేస్తారో ఇంట్లోవాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పరు. చాలాసార్లు పిల్లలకే సరిగ్గా తెలియదు. నేను హైదరాబాదులో ఓ పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. బల్లకి ఇటు కూర్చుని ఇంటర్వ్యూలు ఇచ్చాను, అటు కూర్చుని ఇంటర్వ్యూలు చేశాను. నేను చూసినంతలో, మన గోదావరి డెల్టా పిల్లలకి లెక్క బాగానే వస్తుంది. ప్రశ్న అడగాల్సిన చోటే నోరు పెగలదు. ఇవాళ నేను చెప్పదలచింది ఆ సంగతే.

సాఫ్ట్‌వేరు మనకి కొత్త కాదు. భీమవరంలో ఎస్‌ఆర్‌కేఆర్ ఇంజనీరింగ్ కళాశాల 1980లోనే వచ్చింది. ఆ భీమవరం మనిషే రామలింగరాజు, 1987లో హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ పెట్టారు. 2000 సంవత్సరం దగ్గర పడేసరికి, పాత ప్రోగ్రాముల్లో ఏడాదిని రెండంకెలతోనే రాసిన పాపానికి ప్రపంచమంతా కంగారు పడింది. వాటిని సరిచేయడానికి మనుషులు కావలసి వచ్చారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు కిటకిటలాడాయి. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో పెట్టింది. 2004లో గూగుల్ వచ్చింది. 2019లో అమెజాన్ నానక్‌రామ్‌గూడలో తొమ్మిదిన్నర ఎకరాల్లో, 15 వేల మందికి పైగా పనిచేసే భవనం తెరిచింది. మనకి దగ్గర్లో తాడేపల్లిగూడేనికి 2015లో ఎన్‌ఐటీ వచ్చింది. ఇప్పుడు రాత్రి తణుకులో ట్రావెల్స్ బస్సు ఎక్కితే తెల్లారేసరికి కూకట్‌పల్లిలో దిగొచ్చు. దారి దగ్గరైంది గానీ, గేటు దగ్గర పెట్టే పరీక్ష మన పిల్లలకి ఇంకా కొత్తగానే ఉంది.

ఎందుకు కొత్త? వాళ్లకి అలవాటైన పరీక్ష వేరు గనక. ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్ తీసుకోండి. 3 గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. నాలుగు జవాబులు ముందే రాసి ఉంటాయి, ఒకటి ఎంచుకోవాలి. ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. పక్కవాడితో మాట్లాడితే లేపి పంపేస్తారు. ఇంటర్‌లో రెండేళ్లపాటు పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో నోరు మూసుకుని ఇదే సాధన చేసిన పిల్లవాణ్ణి, నాలుగేళ్ల తర్వాత ఓ గదిలో కూర్చోబెడతారు. అక్కడ 45 నిమిషాలకి ప్రశ్న ఒక్కటే. జవాబులు ఇవ్వరు. ప్రశ్న కూడా సగమే ఇస్తారు. ఎదుటి మనిషి "ఆలోచిస్తున్నది పైకి చెప్పండి" అంటాడు. ఇన్నాళ్లూ నేర్చుకున్న దానికి ఇది పూర్తిగా ఎదురు.

ఈ ఇంటర్వ్యూలు కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండవు. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో వంటి సర్వీస్ కంపెనీలు ఇతరుల కోసం సాఫ్ట్‌వేర్ పనిచేసి పెడతాయి. వాళ్లకి ఒకేసారి వేలల్లో మనుషులు కావాలి. అందుకని ఆప్టిట్యూడ్ పరీక్ష, కోడింగ్ పరీక్ష, ఓ టెక్నికల్ ఇంటర్వ్యూ, ఓ హెచ్‌ఆర్ ఇంటర్వ్యూతో ముగిస్తారు. గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్ లాంటివి సొంత సరుకు తయారుచేసుకునేవి. అక్కడ ముందు ఆన్‌లైన్ పరీక్ష, అది దాటినవాళ్లకి వరసగా నాలుగైదు ఇంటర్వ్యూలు. అమెజాన్‌లో అయితే ఆ వరసలో ఒకరు వేరే టీమ్ నుంచి వస్తారు. సీటు త్వరగా నింపుకోవాలన్న తొందర ఆయనకి ఉండదు. మనిషి ఆ స్థాయికి తగునా కాదా అన్నదే ఆయన చూస్తాడు.

కోడింగ్ రౌండ్ ఎలా ఉంటుందో రేడియోలో చెప్పగలిగే ఉదాహరణ ఒకటి చెబుతాను. ఓ రైస్ మిల్లులో 10 వేల చీటీలున్నాయి, ఒక్కో చీటీ మీద ఒక్కో మొత్తం. ఏ రెండు చీటీలు కలిపితే సరిగ్గా లక్ష రూపాయలు అవుతాయో కనిపెట్టాలి. మొదట తోచే పద్ధతి, ప్రతి చీటీనీ మిగతా అన్నిటితో కలిపి చూడటం. అలా చేస్తే దాదాపు 5 కోట్ల జతలు చూడాలి. ఇంకో పద్ధతి ఉంది. చీటీ తీసిన ప్రతిసారీ, లక్షకి ఇంకెంత తక్కువైందో లెక్కగట్టి, ఆ మొత్తం ఇంతకుముందు తగిలిందా అని మన పట్టీలో చూసుకోవాలి. లేకపోతే ఈ చీటీ మొత్తాన్ని ఆ పట్టీలో ఎక్కించుకుని ముందుకు పోవాలి. అప్పుడు 10 వేల చీటీలని ఒక్కసారి తిరగేస్తే చాలు. పట్టీలో చూడటం కంప్యూటరుకి క్షణంలో పని. దాని బదులు పట్టీ రాసుకోవడానికి కొంత మెమరీ ఖర్చవుతుంది.

ఇక్కడ రెండో పద్ధతి బట్టీపట్టి గడగడా రాసేసినవాడికి పూర్తి మార్కులు పడతాయని చాలామంది అనుకుంటారు. నేను చూసేది వేరు. మొదటి పద్ధతి చెప్పి, అదెందుకు నిదానమో తనే లెక్కగట్టి, రెండోదానికి నడిచి వచ్చినవాడి ఆలోచన నాకు కనిపిస్తుంది. "ఒకే మొత్తం రెండు చీటీల మీద ఉండొచ్చాండి?", "అలాంటి జత అసలు లేకపోతే ఏం చెప్పమంటారండి?" అని మొదట్లోనే అడిగినవాడితో పనిచేయాలనిపిస్తుంది. మౌనంగా 20 నిమిషాలు రాసి, సరైన జవాబే చూపించినవాడి గురించి నేను రాసుకోవడానికి కాగితం మీద ఏమీ ఉండదు.

కొంచెం అనుభవం ఉన్నవాళ్లకి డిజైన్ రౌండ్ అని ఇంకోటుంటుంది. అక్కడ ఈ అడగడం మరీ ముఖ్యం. "రైతుల దగ్గర ధాన్యం కొనే వ్యవస్థ ఒకటి తయారుచేయండి" అన్నారనుకుందాం. వెంటనే సర్వర్లు, డేటాబేసులు అంటూ బొమ్మలు గీసేవాళ్లే ఎక్కువ. ముందు అడగాల్సినవి ఇవీ. లెక్క బస్తాల్లోనా, క్వింటాళ్లలోనా? మన దగ్గర ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. ఇంకోచోట అలా కాకపోవచ్చు. తేమ 17 శాతం దాటితే కొనకుండా ఆపాలా, ఆరబెట్టి తెమ్మని మళ్లీ తేదీ ఇవ్వాలా? సార్వా కోతలప్పుడు ఊరంతా ఒకే వారంలో వచ్చిపడితే? రైతు సేవా కేంద్రంలో నెట్ పోతే తూకం ఆగాలా, రాసుకుని తర్వాత పంపాలా? అన్నిటికంటే పెద్ద ప్రశ్న, భూమి ఒకరి పేరున ఉండి సాగు కౌలురైతు చేస్తుంటే డబ్బు ఎవరి ఖాతాలో పడాలి? ఈ ఆఖరి ప్రశ్నకి కంప్యూటరు జవాబు చెప్పదు. పెనుగొండ మండలంలో పుట్టి పెరిగిన పిల్లకి మాత్రం అడగాలని తట్టి తీరాలి. పల్లెటూరి నుంచి వచ్చామని బెరుకు పడే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఊరు తెలియడం కూడా ఇంజనీరుకి ఓ అర్హతే.

ఇక మూడో రకం, మనిషి స్వభావం చూసే రౌండ్. దీన్ని మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. "మీ పైవాళ్లతో ఏకీభవించని సందర్భం ఒకటి చెప్పండి" అంటే, "నాకెవరితోనూ గొడవల్లేవండి" అని మంచి పిల్లవాడిలా చెబుతారు. ఇంట్లో అది సుగుణం. అక్కడ అనుమానం వస్తుంది. అమెజాన్ రాసిపెట్టుకున్న 16 నాయకత్వ సూత్రాల్లో ఒకటి సరిగ్గా ఇదే చెబుతుంది. నచ్చకపోతే మర్యాదగా ఎదురు చెప్పాలి, నిర్ణయం అయ్యాక మనస్ఫూర్తిగా పనిచేయాలి. కాబట్టి కాలేజీ ప్రాజెక్టులోనైనా సరే, సందర్భం ఏమిటి, మీ బాధ్యత ఏమిటి, మీరేం చేశారు, చివరికి ఏమైంది అని వరసగా చెప్పగలిగే అనుభవాలు కొన్ని సిద్ధం చేసుకోవాలి. అవి నిజమైనవై ఉండాలి. రెండు ప్రశ్నలు లోతుకి వెళితే కట్టుకథ తేలిపోతుంది.

హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. అప్పటి ఇంటర్వ్యూలో జరిగినది ఆయనే 2017లో వచ్చిన తన పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో రాసుకున్నారు. రోజంతా కోడింగ్ ప్రశ్నలయ్యాక, రిచర్డ్ టెయిట్ అనే మేనేజరు అడిగారట. రోడ్డు మీద ఓ పసిబిడ్డ పడి ఏడుస్తుంటే ఏం చేస్తారు? 911కి ఫోన్ చేస్తానన్నారు నాదెళ్ల. అది అమెరికాలో అత్యవసర నంబరు. టెయిట్ ఆయన్ని బయటికి సాగనంపుతూ, బిడ్డ ఏడుస్తుంటే ముందు ఎత్తుకోవాలయ్యా అన్న అర్థంలో చెప్పారట. ఉద్యోగం పోయిందనే నాదెళ్ల అనుకున్నారు. పోలేదు. 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీకి ఆయనే సీఈఓ అయ్యారు. ఒక్క జవాబు తప్పితే అంతా అయిపోయిందని దిగాలుపడే పిల్లలకి ఈ కథ చెప్పండి.

అలాగని ఇంటర్వ్యూ గొప్ప కొలబద్ద అని నేను అనను. మన పక్కనే మార్టేరులో వరి పరిశోధనా కేంద్రం ఉంది. 1982లో విడుదలైన స్వర్ణ రకం, అదే ఎంటీయూ 7029, అక్కడిదే. ఓ వంగడాన్ని ఎన్ని పంటకాలాలు, ఎన్ని నేలల్లో వేసి చూశాక గానీ రైతు చేతికి ఇవ్వరు. మనిషినేమో కొన్ని గంటల్లో తేల్చేస్తున్నాం! పొరపాట్లు జరగక తప్పదు. కంపెనీలకీ ఈ సంగతి తెలుసు. విమానంలో పట్టే గోల్ఫ్ బంతుల గురించి వేసేలాంటి పొడుపుకథల వల్ల మనిషి పనితనం ఏమీ తెలియదని, అవి ఉత్త కాలయాపన అని అప్పట్లో గూగుల్ సిబ్బంది విభాగానికి పెద్దగా ఉన్న లాస్లో బాక్ 2013లో బాహాటంగా చెప్పారు. అందుకే ఓ కంపెనీ కాదంటే అది మీ తెలివి మీద తీర్పు కాదు. కొన్ని నెలల గడువు తర్వాత చాలా కంపెనీలు అదే మనిషిని మళ్లీ రానిస్తాయి.

కాకపోతే దొడ్డిదారులు వద్దు. ఒకరి బదులు ఇంకొకరు ఫోన్లో జవాబులు చెప్పే ప్రాక్సీ ఇంటర్వ్యూలు, లేని కంపెనీలో మూడేళ్లు చేశామని కొనుక్కునే దొంగ అనుభవ పత్రాలు మనకి తెలియనివి కావు. ఇప్పుడు వాటికి కృత్రిమ మేధ తోడైంది. తెర మీద ఇంటర్వ్యూ జరుగుతుంటే పక్క తెర జవాబు అందిస్తుంది. దానికి విరుగుడూ వస్తోంది. కనీసం ఒక రౌండైనా ఎదురుగా కూర్చోబెట్టి చేస్తామని గూగుల్ సీఈఓ సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు. పీఎఫ్‌కి ఇచ్చే యూఏఎన్ నంబరుతో ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో బయటపడుతుంది. చేరిన ఆరునెలలకి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతే ఉద్యోగంతోపాటు పరువూ పోతుంది.

సరే, ఉద్యోగం వచ్చింది. లోపల ఏముంటుంది? చేరగానే కొత్త ప్రోగ్రాములు రాసేస్తారని బయట అనుకుంటారు. మొదటి నెలలన్నీ ఇతరులు రాసింది చదవడంతోనే సరిపోతుంది. గూగుల్‌లో 2015 నాటికే ఒకే భాండాగారంలో సుమారు 200 కోట్ల లైన్ల కోడ్ ఉందని ఆ కంపెనీ ఇంజనీర్లే ప్రకటించారు. అంత కోడ్ ఎవరి బుర్రలోనూ పట్టదు. పక్క సీటు మనిషిని అడగాల్సిందే. మీరు రాసిన నాలుగు లైన్లు కూడా ఇంకొకరు చదివి, ఇదెందుకు, అదెందుకు అని అడిగి, సరేనన్నాకే లోపలికి వెళతాయి. దీన్నే కోడ్ రివ్యూ అంటారు. మొదట్లో మనసు చివుక్కుమంటుంది. ఆ వ్యాఖ్యలు కోడ్ మీదే తప్ప మన మీద కాదని తెలియడానికి కొంతకాలం పడుతుంది. కోడ్ రాసిపెట్టే ఏఐ వచ్చాక ఈ చదివే పని ఇంకా పెరిగింది. అది రాసినదాంట్లో తప్పు పట్టగలిగినవాడికే ఇప్పుడు విలువ.

ఇంకోటి ఆన్-కాల్ డ్యూటీ. మీ వంతు వచ్చిన వారంలో రాత్రి రెండు గంటలకి ఫోన్ మోగినా లేవాలి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ క్లౌడ్‌లో ఓ ఇంజనీరు టైపు చేసిన కమాండ్‌లో పొరపాటు దొర్లింది. తీయాల్సిన వాటికంటే ఎక్కువ సర్వర్లు ఆగిపోయాయి. దాదాపు నాలుగు గంటలపాటు దాని మీద ఆధారపడ్డ ఎన్నో వెబ్‌సైట్లు, యాప్‌లు తడబడ్డాయి. తర్వాత అమెజాన్ బహిరంగంగా ఇచ్చిన వివరణలో ఆ ఇంజనీరు పేరు లేదు. ఒక్కరి వేలు జారితే అంత నష్టం జరిగేలా ఆ పనిముట్టు ఎందుకుంది అన్నదే వాళ్లు వేసుకున్న ప్రశ్న. ఉండాల్సిన కనీస స్థాయికి తగ్గేలా సర్వర్లు తీయడానికి వీల్లేకుండా దాన్ని మార్చారు. తప్పు చేసినవాణ్ణి వెతకడం కంటే తప్పుకి దారిచ్చిన లోపాన్ని వెతకడం మంచి కంపెనీల పద్ధతి. అన్ని కంపెనీలూ ఇలా ఉంటాయని మాత్రం అనుకోవద్దు.

మనవాళ్లకి ఉద్యోగంలో ఎదురయ్యే పెద్ద చిక్కు ఇంకోటుంది. వారం పట్టే పని రెండు రోజుల్లో కావాలంటారు. మన నోటి నుంచి వచ్చేది "ఆయ్, అలాగేనండి." తర్వాత నిద్రలు మానుకుని చేస్తాం, లేదా గడువు దాటాక బయటపెడతాం. రెండూ చేటే. "రెండు రోజుల్లో ఇంతవరకే అవుతుందండి, ఇందులో ఏది ముందు కావాలి?" అని అడగడం అమర్యాద కాదు. అలా అడగగలిగేవాడికే రెండేళ్లలో పెద్ద పని అప్పగిస్తారు.

అడగాల్సిన చోట అడగకపోతే ఏమవుతుందో మన జిల్లావాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం అధినేత రామలింగరాజు లేఖ బయటికి వచ్చింది. లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆయనే రాశారు. డబ్బు ఉందా లేదా అని బ్యాంకులని నేరుగా అడగడం ఆడిటర్ల పని. ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తెప్పించడం వాళ్లు సత్యం యాజమాన్యం చేతికే వదిలేశారని 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు తేల్చాయి. ఏమీ ఎరగని వేలాది ఉద్యోగులు నెలల తరబడి ఆందోళనలో బతికారు. చివరికి 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకుంది. నేరుగా అడగాల్సినవాళ్లు అడిగి ఉంటే, ఇదంతా ఎంతో ముందే బయటపడేది.

ఇక విద్యార్థులకి. మీరు పెనుగొండలో డిగ్రీ చదువుతున్నా, భీమవరంలో బీటెక్ చదువుతున్నా, ఇద్దరు స్నేహితులని వెంటపెట్టుకోండి. ఒకరు లెక్క ఇవ్వాలి, అదీ సగమే ఇవ్వాలి. రెండోవారు అడిగి అడిగి పూర్తి చేసుకుని, ఆలోచన పైకి చెబుతూ కాగితం మీద రాయాలి. మూడోవారు వింటూ, ఎక్కడ అర్థం కాలేదో చెప్పాలి. మొదట తెలుగులోనే చెప్పండి. తెలుగులో తేటగా చెప్పగలిగాక అదే సంగతి చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పండి. మన యాసకి ఎవరూ మార్కులు కోయరు, కోయకూడదు. లెక్చరర్లకి ఓ విన్నపం. క్లాసులో ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి "అంత మాత్రం తెలీదా" అని ఒక్కసారి కూర్చోబెడితే, వాడితోపాటు ఆ బెంచీ మొత్తం నాలుగేళ్లు నోరెత్తదు.

ప్రతి ఇంటర్వ్యూ చివరా "మమ్మల్ని ఏమైనా అడుగుతారా?" అంటారు. ఆ ఐదు నిమిషాలు మీవి. "ఏమీ లేదండి" అని లేచి రాకండి. కొత్తగా చేరినవాళ్లకి పని ఎవరు నేర్పుతారు, రాత్రి డ్యూటీ ఎన్ని వారాలకోసారి వస్తుంది, కిందటిసారి పెద్ద పొరపాటు జరిగినప్పుడు టీమ్ ఏం చేసింది అని అడగండి. జవాబు సూటిగా వస్తే నిశ్చింతగా చేరండి. నసిగితే, ఇంకో ఆఫర్ చేతిలో ఉంటే దాన్నీ పక్కన పెట్టి బేరీజు వేసుకోండి. వాళ్లు మిమ్మల్ని ఎంచుకుంటున్నారు, మీరూ వాళ్లని ఎంచుకుంటున్నారు.